తక్కువ తిరిగే కారుకూ ఏటా సర్వీసింగ్ కావాలా?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. పాలకొల్లు దగ్గర పల్లెలో ఉంటాం. ఆరేళ్ల కిందట కొన్న చిన్న పెట్రోలు కారు ఉంది. బజారుకు, బ్యాంకుకు, ఎప్పుడైనా భీమవరంలో ఉన్న అమ్మాయి ఇంటికి తప్ప బయటికి తీయను. ఏడాదికి 3,500 కిలోమీటర్లు కూడా తిరగదు. అయినా సర్వీసింగ్ గడువు వచ్చిందంటూ ఏటా ఫోన్లు వస్తూనే ఉంటాయి. పోయినసారి 9,600 రూపాయల బిల్లు వేశారు. అందులో సగం పేర్లు నాకు అర్థం కాలేదు. ఈ ఆరేళ్లలో బ్రేక్ ఆయిల్ మార్చిన గుర్తు కూడా లేదు. తిరగని కారుకు ఇంత ఖర్చు అవసరమా? రెండేళ్లకొకసారి చేయిస్తే చాలదా?

జవాబు: ఏటా ఒకసారి తప్పకుండా చేయించండి. అయితే దానికి 9,600 రూపాయలు అక్కరలేదు. లేఖతో పాటు బిల్లు నకలు కూడా పంపారు కాబట్టి ఈ రెండు మాటలకూ కారణాలు ఆ కాగితం నుంచే చెప్పగలను.

మన దగ్గర నడుస్తున్న చాలా పెట్రోలు కార్లకు తయారీదారులు పెట్టిన గడువు పది వేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం. ఏది ముందు వస్తే అది. కిలోమీటర్ల సంగతి అందరికీ గుర్తుంటుంది, సంవత్సరం సంగతి మరచిపోతారు. నిజానికి ఆ రెండో షరతు మీలాగా తక్కువ తిప్పేవారి కోసమే. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. పొద్దున్నే బండి తీసినప్పుడు సైలెన్సర్ గొట్టం చివర నుంచి రాలే చుక్కలు ఆ నీరే. అందులో చాలా భాగం పొగతో పాటు బయటికి పోయినా, కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి, సరిగా మండని పెట్రోలుతో కలిసి ఇంజన్ ఆయిల్లో చేరుతుంది. భీమవరం దాకా ఆగకుండా వెళ్లిన రోజున ఆయిల్ బాగా కాగి ఆ తేమను వదిలించుకుంటుంది. రెండు కిలోమీటర్ల దూరంలోని బజారుకు వెళ్లి ఆపేసిన రోజున ఆయిల్ కాగే లోపే ప్రయాణం ముగిసిపోతుంది, తేమ లోపలే నిలిచిపోతుంది. అలా నెలల తరబడి నిలిచిన తేమ ఆయిల్‌ను ఆమ్లంగా మార్చి, బేరింగులను, లోపలి లోహపు భాగాలను మెల్లగా తినేస్తుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బోనెట్ ఎత్తి, ఆయిల్ పోసే మూత తిప్పి, దాని లోపలి వైపు చూడండి. అక్కడ లేత పసుపు రంగులో, మీగడలాంటి జిగురు పేరుకుని ఉంటే అది నేను చెప్పిన తేమే. ఆ తరువాత ఆయిల్ మట్టం చూసే పుల్లను, అంటే డిప్‌స్టిక్‌ను బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. రంగు నల్లబడిందని కంగారుపడవద్దు, మసిని తనలో కలుపుకుని మోయడం ఆయిల్ చేసే పనుల్లో ఒకటి. డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిపినట్టు తెల్లగా కనిపించి, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) మట్టం కూడా తగ్గుతూ ఉంటే మాత్రం కారును నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

ఇక మీ బిల్లు. ఇంజన్ ఆయిల్ మూడున్నర లీటర్లు, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ నట్టు కింద వేసే వాషర్, సాధారణ సర్వీసు లేబర్ చార్జీ అన్నీ కలిపి దాదాపు 4,300 రూపాయలు. ఈ డబ్బుకు తగిన పని జరిగింది. మిగిలిన 5,300 రూపాయలు ఇంజన్ ఫ్లష్ (ఇంజన్ లోపలి భాగాన్ని ద్రవంతో కడగడం), ఇంజెక్టర్ క్లీనింగ్ (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగాలను శుభ్రం చేయడం), ఏసీ శుద్ధి, ఇంజన్ పైన మెరుపు కోసం కొట్టే ద్రవం, బాడీ పాలిష్‌లకు పోయాయి. కారుతో ఇచ్చిన పుస్తకం చివర్లో, ఎన్ని నెలలకు ఏ పని చేయాలో చెప్పే పట్టిక ఉంటుంది. ఈ అయిదు పేర్లలో ఒక్కటైనా అందులో ఉందేమో వెతకండి, బహుశా దొరకదు. ఇంజన్ కుదుపుతున్నప్పుడు, పికప్ తగ్గినప్పుడు ఇంజెక్టర్లు శుభ్రం చేయించడంలో అర్థం ఉంది. ఏ ఇబ్బందీ లేని బండికి ఏటా అది ఎందుకు? ఏసీ శుద్ధికి బదులు, కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మార్పించండి. చాలా కార్లలో అది డాష్‌బోర్డు అర వెనుకే ఉంటుంది. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో మన రోడ్ల మీద లేచే ఊక దుమ్ముకు అది ఎలా మూసుకుపోయిందో బయటికి తీసి చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ బిల్లులో నన్ను కలవరపెట్టింది ఉన్న పేర్లు కావు, లేని పేరు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా బ్రేక్ ఆయిల్ మార్చిన గుర్తు లేదని మీరు రాశారు. చాలా కంపెనీలు రెండేళ్లకొకసారి మార్చమంటాయి. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఉక్కపోసే మన డెల్టాలో ఆ తేమకు కొదవ లేదు. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వేడి దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. పాలకొల్లు, భీమవరం రోడ్ల మీద ఈ తేడా ఎప్పటికీ తెలియకపోవచ్చు, ఎందుకంటే మన నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది, బ్రేకులు అంతగా వేడెక్కవు. అదే కారులో కుటుంబంతో తిరుమలకో, మారేడుమిల్లికో వెళ్లి ఘాటు దిగుతూ పదే పదే బ్రేకు తొక్కితే ఆ వేడికి లోపలి ద్రవం మరిగి బుడగలు కడుతుంది, పెడల్ కాలికింద మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. పాలిష్‌కు పెట్టిన డబ్బు కంటే తక్కువలో అయ్యే పని ఇది. వచ్చే సర్వీసు దాకా ఆగకుండా ఈ నెలలోనే చేయించండి.

టైర్ల మాట కూడా చెప్పాలి. తక్కువ తిరిగే కారుకు టైర్లు అరగవు, కానీ రబ్బరుకు వయసు మీరుతుంది. టైరు పక్క గోడ మీద, చిన్న గడిలో నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. మీ టైర్లు ఆరేళ్లవి కాబట్టి గాళ్లు ఎంత లోతుగా కనిపించినా, పక్క గోడల మీద సన్నని పగుళ్లు ఉన్నాయేమో ర్యాంపు ఎక్కించినప్పుడు చూపించుకోండి.

అదనపు పనుల్లో మన ప్రాంతానికి పనికొచ్చేది ఒకటుంది, కారు అడుగు భాగానికి తుప్పు పట్టకుండా వేసే పూత. నరసాపురం, అంతర్వేది, పేరుపాలెం వైపు తరచుగా వెళ్లేవారికి ఉప్పుగాలి దెబ్బ తప్పదు. అయితే అడుగంతా కడిగి, పూర్తిగా ఆరబెట్టిన తరువాతే ఆ పూత వేయాలి. తడి మట్టి మీద వేస్తే ఉప్పును, తేమను లోపల బంధించినట్టవుతుంది, అది వేయకపోవడం కంటే కీడు. సముద్రం ఒడ్డుకు వెళ్లివచ్చిన మరునాడే మంచినీళ్లతో అడుగు భాగం కడిగించడం అన్నిటికంటే చవకైన రక్షణ.

ప్రశ్న: మాది రాజోలు. కొత్త కారు కొన్నాం. ఉచిత సర్వీసు అన్నారు, అయినా బిల్లు వేశారు. ఇక మా ఊరి మెకానిక్ దగ్గరే చేయించుకుంటే నష్టమా?

జవాబు: ఉచిత సర్వీసుల్లో సాధారణంగా లేబర్ చార్జీ ఒక్కటే ఉచితం, ఆయిల్‌కు, ఫిల్టర్లకు డబ్బు తీసుకుంటారు. ఈ సంగతి బండి ఇచ్చేటప్పుడే విడమరిచి చెప్పవలసింది, చెప్పకపోవడం వల్లనే మీకు మోసపోయినట్టు అనిపించింది. వారంటీ ఉన్నంత కాలం కంపెనీ అనుమతి ఉన్న చోటే చేయించండి. రేపు ఇంజన్‌లో లోపం బయటపడితే, గడువు ప్రకారం సర్వీసు జరిగిందనడానికి వారి రికార్డే మీకు ఆధారం. బండిని అప్పగించే ముందు జాబ్ కార్డు మీద రాసిన ప్రతి పనినీ చదివి, వద్దనుకున్నదాన్ని కొట్టివేయించి, ఆ తరువాతే సంతకం చేయండి.

వారంటీ తీరాక చేయి తిరిగిన ఊరి మెకానిక్ దగ్గర చేయించుకోవడంలో తప్పేమీ లేదు. అక్కడ లేబర్ తక్కువ, పక్కనే నిలబడి పని చూసే వీలూ ఉంటుంది. మీ కారు పుస్తకంలో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే గ్రేడు ఆయిల్ సీలు విప్పని డబ్బాగా కొని తీసుకెళ్లండి, చిక్కటిది వేస్తే మంచిదని ఎవరైనా అన్నా ఒప్పుకోవద్దు. పాత ఫిల్టర్‌ను చేతికి ఇమ్మని అడగండి. ఆ రోజు తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, మార్చిన సామాన్లు ఒక నోటుపుస్తకంలో రాసి, బిల్లులతో పాటు కారు అరలోనే ఉంచండి. మెకానిక్ మారినా, కారు అమ్మవలసి వచ్చినా ఆ పుస్తకం చూపిస్తే చాలు.