ఎలక్ట్రానిక్ ఆల్బమ్ వినే పద్ధతి గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నేను వినమన్న టెక్నో (యంత్రాలతో చేసే, నిలకడైన బీట్ మీద నడిచే నాట్య సంగీతం) మిక్స్‌ను పది నిమిషాలు విని, ఒకటే చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తున్నదని ఆపివేశావనీ, పియానో ఆల్బమ్ మాత్రం ఎంతో నచ్చిందనీ, అయితే నాలుగో ట్రాక్ దాటకముందే నిద్ర పట్టిందనీ రాశావు. ఈ రెండింటినీ ఒకే మనిషి ఎలా ఇష్టపడగలడని కూడా అడిగావు. ముప్పై ఏళ్లుగా ఈ సంగీతం వింటున్నవాడిగా నాకు అర్థమైనది చెబుతాను. నీవు రెండింటిలోనూ పాటనే వెతికావు. మొదటిదానిలో పాట దొరకలేదు కనుక విసుగు పుట్టింది; రెండవదానిలో పాట వంటిది ఏదో దొరికింది కనుక అది జోలపాటగా పనిచేసింది. ఇక్కడ వినవలసినది మార్పును. ఒక ధ్వని నిలకడగా సాగుతూ ఉండగా అందులో ఏది, ఎప్పుడు, ఎంత మారుతున్నదో గమనించడమే శ్రోత పని, ఆ గమనింపు అలవాటైన చెవికి టెక్నో మిక్స్, పియానో ఆల్బమ్ దగ్గరి చుట్టాల్లా వినిపిస్తాయి.

మిక్స్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నీకు కష్టమైనది అదే. డీజే మిక్స్ ఆల్బమ్‌ను పాటల సంకలనంగా భావించవద్దు. అది గంటకు పైగా సాగే ఒకే రచన. ఇతరుల రికార్డులు దానికి ముడిసరుకు. టెక్నో రికార్డులు చాలావరకు నిమిషానికి 120 నుంచి 140 బీట్ల వేగంతో నడుస్తాయి. నాలుగు బీట్లు ఒక ఆవర్తం. ఎనిమిది ఆవర్తాలు కలిస్తే 32 బీట్లు. ఈ సంగీతంలో వాక్యం వంటిది అదే. 130 వేగంలో ఆ వాక్యం 15 సెకన్లలోపే పూర్తవుతుంది. కొత్త ధ్వని ప్రవేశించినా, ఉన్నది తప్పుకున్నా, చాలావరకు ఈ వాక్యాల సరిహద్దుల దగ్గరే జరుగుతుంది. కనుక మొదటి రోజు వేళ్ల మీద 32 లెక్కపెడుతూ విను, ఇంకేమీ చేయవద్దు. పది నిమిషాలు లెక్కపెట్టిన తరువాత లెక్క దానంతటదే లోపల సాగుతుంది. అప్పటినుంచి మార్పు రాబోతున్నదని ముందే తెలియడం మొదలవుతుంది, వచ్చినప్పుడు ఒక తృప్తి, రావలసిన చోట రాకపోతే ఒక ఆత్రం కలుగుతాయి. ఇన్నాళ్లూ నీకు విసుగుగా తోచిన ఆ పునరావృత్తి మీదనే ఈ ఆత్రమంతా ఆధారపడి ఉన్నది.

ఆ తరువాత ఒక రికార్డు మరొకదానితో కలిసే అతుకుల మీద దృష్టి పెట్టు. 1972లో మొదలై 1979లో కొత్త రూపం పొందిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం) మీద ఒక స్లైడర్ ఉంటుంది. దానితో రికార్డు వేగాన్ని 8 శాతం వరకు పెంచవచ్చు, తగ్గించవచ్చు. అంటే 130 బీట్ల రికార్డును సుమారు 120కి దించవచ్చు, 140కి ఎక్కించవచ్చు. డీజే రెండవ రికార్డును హెడ్‌ఫోన్‌లో వింటూ మొదటిదాని వేగానికి తెచ్చి, వాక్యం మొదలయ్యే చోట దానిని వదులుతాడు. రెండు రికార్డుల బేస్ (అడుగున మోగే మంద్ర ధ్వని) ఒకేసారి మోగితే అంతా కలగాపులగం అవుతుంది కనుక, కొత్తదాని బేస్‌ను మిక్సర్‌లో తగ్గించి ఉంచి, సరైన సరిహద్దు వచ్చినప్పుడు పాతదానిని తగ్గించి కొత్తదానిని పెంచుతాడు. ఆ ఒక్క క్షణంలో కాళ్ల కింద నేల మారినట్లు ఉంటుంది. నీవు పట్టుకోవలసినది ఆ క్షణాన్ని. దానికి ముందు ఒకటి రెండు నిమిషాల పాటు రెండు రికార్డులూ కలిసి నడిచినప్పుడు, వాటిని చేసిన ఇద్దరిలో ఎవరూ ఊహించని మూడవ సంగీతం ఒకటి పుడుతుంది. మిక్స్‌లో అసలు విలువ దానిదే అని నా నమ్మకం.

టెక్నో డీజే జెఫ్ మిల్స్ 1995లో టోక్యోలోని లిక్విడ్ రూమ్ క్లబ్‌లో వాయించగా రికార్డు చేసి, మరుసటి సంవత్సరం విడుదల చేసిన మిక్స్‌తో ఈ అభ్యాసం చేయమని నా సలహా. అతడు మూడు టర్న్‌టేబుళ్లు వాడతాడు, ఒక్కొక్క రికార్డును రెండు మూడు నిమిషాలకు మించి ఉండనివ్వడు. ముప్పైకి పైగా రికార్డులు గంటకు కాస్త ఎక్కువ సమయంలో వచ్చి పోతాయి. జనం కేకలు, అక్కడక్కడ బీట్ తప్పి మళ్ళీ సర్దుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. తప్పు వినిపించిన చోట మనిషి చేయి వినిపిస్తుంది కనుక, నునుపుగా దిద్దిన మిక్స్‌ల కంటే కొత్త శ్రోతకు ఇది ఎక్కువ నేర్పుతుందని నేను నమ్ముతాను.

నేను చేసిన పొరపాటు నీవు చేయవద్దు. మొదటి ఐదారేళ్లు ప్రతి మిక్స్‌నూ ట్రాక్‌ల జాబితా చేతిలో పెట్టుకుని విన్నాను. ఇది ఎవరి రికార్డు, ఏ సంవత్సరానిది అని సరిచూసుకోవడంలోనే గంట గడిచిపోయేది. పేర్లన్నీ తెలిసేవి గాని, ఒక రికార్డు మరొకదానిని ఏమి చేసిందో ఒక్కసారి కూడా వినలేదు. జాబితా మూడవసారి విన్న తరువాత చూడు. మరో టెక్నో డీజే రిచీ హాటిన్ 2001లో విడుదల చేసిన 'డీఈ9: క్లోజర్ టు ది ఎడిట్' విషయంలో జాబితా దాదాపు నిష్ప్రయోజనం కూడా, అతడు 100కు పైగా ట్రాక్‌లను ముక్కలు చేసి, 300కు పైగా లూపులు (మళ్ళీ మళ్ళీ తిరిగే చిన్న ధ్వని ముక్కలు) తయారుచేసుకుని, వాటితో ఆల్బమ్‌ను కూర్చాడు. కొన్ని లూపులలో ఒక్క స్వరం మాత్రమే ఉంటుంది. అలాంటిచోట ఇది ఎవరి సంగీతమని అడగడం కంటే, ఇప్పుడు ఎన్ని పొరలు ఉన్నాయని అడగడం మేలు.

పరికరాల గురించి కొద్దిగా చెప్పాలి. నీ ఫోన్‌లో షఫుల్‌నూ (ట్రాక్‌ల వరుస మార్చేది), క్రాస్‌ఫేడ్‌నూ (ఒక ట్రాక్ చివరను తరువాతిదానితో కలిపేది) తీసివేయి, గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ రానివ్వనిది) ఉంటే పెట్టు. మిక్స్ ఆల్బమ్‌ను ట్రాక్‌లుగా కోసి ఇచ్చినప్పుడు మధ్యలో అర సెకను ఖాళీ వచ్చినా ఇందాక చెప్పిన అతుకు చెడిపోతుంది. ఫోన్ స్పీకర్‌తో టెక్నో వినవద్దు. కిక్ డ్రమ్ (బీట్‌ను మోసే పెద్ద డ్రమ్) బలమంతా సుమారు 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఆ చిన్న స్పీకర్ దానిని పలకలేదు, కనుక నీకు వినిపించిన ఆ "ఒకటే చప్పుడు" అసలు ధ్వనిలో పై అంచు మాత్రమే. మంచి హెడ్‌ఫోన్ చాలు.

అయితే గట్టిగా పెట్టవద్దు. ఈ ఒక్క విషయంలో నేను సలహా ఇవ్వడం లేదు, బతిమాలుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి సూచించిన హద్దు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. ధ్వని 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ మోగే క్లబ్‌లో వారం మొత్తానికి అరగంట కూడా మిగలదు. నాకు ఈ లెక్క తెలియని వయసులో స్పీకర్ల పక్కన గంటల తరబడి నిలబడ్డాను; పదిహేనేళ్లుగా నా ఎడమ చెవిలో సన్నని ఈల ఒకటి ఆగకుండా మోగుతున్నది. క్లబ్‌కు వెళ్ళినప్పుడు చెవిలో ఇయర్‌ప్లగ్స్ లేకుండా లోపల అడుగు పెట్టవద్దు.

ఇప్పుడు పియానో గురించి. టెక్నో, పియానో రెండు దూరపు అంచులని నీవు రాశావు. అమెరికాలోని డెట్రాయిట్ నగరపు టెక్నోకు పునాది వేసినవారిలో ఒకడైన డెరిక్ మే 1987లో విడుదల చేసిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' విను. అతని మిత్రుడు మైకేల్ జేమ్స్ వాయించిన నెమ్మదైన పియానో రచనను ముక్కలు చేసి, వేగం పెంచి, డ్రమ్ మెషిన్ మీద నిలబెట్టి చేసినది అది. అందులో బేస్ లైన్ లేదు. నాట్యానికి పనికివచ్చే రికార్డుకు అత్యవసరమని అందరూ అనుకునే భాగం లేకుండానే పియానో మొత్తాన్ని మోస్తుంది. ఇక 1974లో జపాన్ సంగీతకారుడు ఇసావో టోమిటా, ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ పియానో రచనలను మోగ్ సింథసైజర్ మీద మళ్ళీ నిర్మించి 'స్నోఫ్లేక్స్ ఆర్ డాన్సింగ్' ఆల్బమ్ చేశాడు. ఈ రెండు వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ యాభై ఏళ్లు దాటింది.

యంత్రంలో మనిషి చేయి ఉండదని కూడా రాశావు. 1982లో మన దేశపు సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ చేసిన 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' ఒకసారి విను. రోలండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషిన్, టీబీ-303 బేస్ సింథసైజర్, జూపిటర్-8 సింథసైజర్, ఇవే ఆయన వాద్యాలు. 303లో ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే ఏర్పాటు ఉంది. ఆ జారుడులో గమకానికి చోటు దొరుకుతుందని ఆయన గ్రహించాడు. షికాగోలో ఫ్యూచర్ బృందం అదే యంత్రంతో 'యాసిడ్ ట్రాక్స్' విడుదల చేసినది 1987లో, అంటే ఐదేళ్ల తరువాత. ఆయన రికార్డు అప్పట్లో ఎవరి దృష్టికీ పెద్దగా రాలేదు, 2010లో మళ్ళీ విడుదలైన తరువాతే లోకం విన్నది. నాకు దాని మీద ప్రత్యేకమైన ప్రేమ ఉన్నది, అందుకే ఇక్కడ కాస్త దారి తప్పాను.

నిద్ర విషయానికి వస్తాను. స్వరకర్త మాక్స్ రిక్టర్ 2015లో ఎనిమిది గంటలకు పైగా సాగే 'స్లీప్'ను నిద్రపోయేవారి కోసమే రాశాడు. అది వింటూ పడుకోవడంలో తప్పు లేదు. తక్కిన పియానో ఆల్బమ్‌లను మాత్రం కూర్చుని విను. జర్మన్ పియానో వాదకుడు నిల్స్ ఫ్రామ్ 2011లో చేసిన 'ఫెల్ట్' సంగతి చూడు. రాత్రిపూట వాయిస్తే పక్కింటివారికి ఇబ్బంది కలుగుతుందని పియానో సుత్తులకూ తీగలకూ మధ్య మందపాటి ఫెల్ట్ బట్ట పెట్టి, మైకులను తీగలకు అతి దగ్గరగా ఉంచి రికార్డు చేశాడు. స్వరం మెత్తబడింది, దానితోపాటు మైకులు కీలు కదిలే చప్పుడును, పెడల్ లేచే చప్పుడును, అతని ఊపిరిని పట్టుకున్నాయి. రాగాన్ని వదిలి ఆ చప్పుళ్లను అనుసరించు, నిద్ర రాదు. నాకు ఆ ఆల్బమ్‌లోని నిశ్శబ్దం ఇప్పుడు పూర్తిగా దొరకదు, చెవిలోని ఈల దానిని కప్పివేస్తుంది. నీకు దొరుకుతుంది.

ఆంగ్ల సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' కూడా ఈ దృష్టితో వినదగినది. అందులోని రెండవ ట్రాక్‌లో వేరు వేరు నిడివి గల టేపు లూపుల మీద గొంతుల స్వరాలు తిరుగుతాయి. ఒకటి 23న్నర సెకన్లకు, మరొకటి దాదాపు 26 సెకన్లకు, ఇంకొకటి దాదాపు 30 సెకన్లకు మళ్ళీ వస్తుంది. ప్రతి లూపూ ఉన్నది ఉన్నట్లే తిరుగుతున్నా, అవి కలిసే తీరు మాత్రం ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. దీనిని తక్కువ ధ్వనితో, గదిలోని ఇతర చప్పుళ్లతో కలవనిస్తూ విను.

జపాన్ స్వరకర్త ర్యూయిచి సకమోటో 2017లో చేసిన 'ఎసింక్'ను చివరికి ఉంచుకో, తొందరపడి వినవద్దు. 2011 సునామీలో మునిగిన ఒక పియానోను ఆయన జపాన్‌లోని మియాగి ప్రాంతంలో చూశాడు. నీరు తగిలి దాని శ్రుతులన్నీ చెదిరిపోయాయి. మొదట అది ఆయనకు బాధ కలిగించింది, తరువాత ప్రకృతి దానిని తన శ్రుతికి తిరిగి తెచ్చుకున్నదని భావించి, ఆ ధ్వనిని ఆల్బమ్‌లో వాడుకున్నాడు. టెక్నోలో ప్రతి ధ్వనీ ఒకే బీట్‌కు కట్టుబడి ఉంటే, ఇక్కడ ధ్వనులు ఒకదానితో ఒకటి ఒకే కాలంలో నడవవు. 32 లెక్కపెట్టడం అలవాటైన చెవికే ఆ లెక్క లేకపోవడం ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. అందుకే దీనికి ముందు మిక్స్‌లు వినమంటున్నాను.

ఈ వారం రెండు పనులు చెయ్యి. లిక్విడ్ రూమ్ మిక్స్‌ను ఒకే విడతలో, జాబితా లేకుండా విని, బేస్ మారిన క్షణాలు ఎన్ని పట్టుకున్నావో కాగితం మీద గీతలు పెట్టు. ఆ మరుసటి రాత్రి ఫ్రామ్ 2013 ఆల్బమ్ 'స్పేసెస్'లోని 'సేస్' విను. ఎనిమిది నిమిషాలకు పైగా సాగే ఆ రచనలో ఒక సింథసైజర్ వరుస అదే పనిగా తిరుగుతూ ఉంటుంది, దాని మీద పియానో మెల్లగా చేరుతుంది, చివరికి వచ్చేసరికి మొత్తం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడం ఎన్నవ నిమిషంలో జరిగిందో, దానికి ఎంత ముందుగా నీ ఒంటికి తెలిసిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య