వార్డెన్ లేకుండా మా అబ్బాయి చదవగలడా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అబ్బాయి రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో ఉండి ఎంపీసీ పూర్తి చేశాడు. మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు ఇక్కడే డిగ్రీలో చేరుతూ, ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ కూడా చేస్తానంటున్నాడు. వెనకాల ఎవరూ లేకపోతే చదువుతాడా అని మాకు టెన్షన్. ఒక సెంటర్‌లో 58 ప్రశ్నల పరీక్ష పెట్టి, 196 వచ్చింది, సొంతంగా చదువుకునే శక్తి సగటు కంటే తక్కువ అన్నారు. అప్పటి నుంచి వాడు సరిగా మాట్లాడటం లేదు. ఆ మాట నమ్మాలా? (ఒక తండ్రి)

జవాబు: ఆ 196 తన మీద తీర్పు కాదని ముందు మీ అబ్బాయికి చెప్పండి. ఈ రోజే చెప్పండి. మిగతా విషయాలు తర్వాత చూద్దాం.

58 ప్రశ్నలు అన్నారు కాబట్టి అది అమెరికాలో లూసీ గుగ్లియెల్మినో 1977లో తన డాక్టరేట్ పరిశోధనలో తయారుచేసిన కొలమానం అయి ఉండాలి. అందులో 58 వాక్యాలుంటాయి. ఒక్కోటి తన విషయంలో ఎంతవరకు నిజమో ఒకటి నుంచి ఐదు వరకు గుర్తు పెట్టాలి. అందుకే స్కోరు 58కి తగ్గదు, 290 దాటదు. పెద్దవాళ్ల సగటు 214 దగ్గర ఉంటుంది. ఇది సొంతంగా నేర్చుకోవడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో చూసే పరీక్ష. అదీ మనిషి తన గురించి తాను చెప్పుకున్న దాన్ని బట్టే.

ఇప్పుడు మీ అబ్బాయి రెండేళ్లు గుర్తు చేసుకోండి. ఎప్పుడు లేవాలో బెల్లు చెప్పింది. ఏం చదవాలో స్టడీ అవర్స్‌లో లెక్చరర్ చెప్పారు. ఎంత వచ్చిందో వీకెండ్ టెస్టు ర్యాంకు షీట్ చెప్పింది. ఇలాంటి పిల్లవాణ్ణి 'నీ టైమ్ నువ్వే ప్లాన్ చేసుకోగలవా' అన్న తరహాలో అడిగితే ఏం గుర్తు పెడతాడు? చేసి చూసే అవకాశమే రాలేదు కదా. అతను నిజాయితీగా రాశాడనే నాకనిపిస్తోంది. గొప్ప కోసం అన్నిటికీ ఐదు పెట్టే పిల్లల గురించే నాకు ఎక్కువ బెంగ.

ఆస్ట్రేలియాలో నర్సింగ్ విద్యార్థుల కోసం 2001లో వచ్చిన మరో కొలమానంలో 40 వాక్యాలుంటాయి. అది ఇదే విషయాన్ని మూడుగా విడదీసి చూస్తుంది: తన పని తాను ఏర్పాటు చేసుకోవడం, నేర్చుకోవాలన్న కోరిక, తన మీద తనకు అదుపు. ఇలా విడదీయడం నాకు చాలా ఉపయోగపడుతుంది. రెసిడెన్షియల్ నుంచి వచ్చిన పిల్లల్లో చాలామందికి కోరిక బలంగా ఉంటుంది, మొదటిదే అలవాటు లేదు. మీ అబ్బాయి అడగకుండానే రెండో కోర్సు చేస్తానన్నాడంటే కోరికకు లోటు లేదనుకోవచ్చు.

ఇంకో సంగతి. ఒకే మనిషి ఒక విషయంలో పూర్తిగా మాస్టారి మీద ఆధారపడి, మరో విషయంలో తనంతట తానే దూసుకుపోవచ్చు. ఫోన్ రిపేరో, ఎడిటింగో, చదరంగమో, ఎవరూ నేర్పకుండా అతను నేర్చుకున్నది ఏదైనా ఉందా? ఎలా నేర్చుకున్నాడో కూర్చోబెట్టి అడగండి. అతని పద్ధతి అక్కడే దొరుకుతుంది.

అసలు కొలత మీ చేతిలోనే ఉంది. ఆ బీఎస్‌లో చేరాలంటే ముందు క్వాలిఫయర్ ఉంటుంది. నాలుగు వారాల పాఠాలు, వారం వారం అసైన్‌మెంట్లు, ఆ తర్వాత సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్ష. ఆ నాలుగు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టమనండి. వారం మొదట్లో ఏం చేయాలనుకున్నాడో, ఆదివారం రాత్రికి ఏం చేశాడో రాయాలి. ఎక్కడ ఆగిపోయాడో, ఎంతసేపు తంటాలు పడ్డాడో, చివరికి ఎవరిని అడిగాడో కూడా రాయాలి. అసైన్‌మెంట్ పంపాక, మార్కులు రాకముందే ఎన్ని వస్తాయో అంచనా వేసి రాయాలి. నేను అన్నిటికంటే ముందు చూసేది ఈ అంచనానే. తొమ్మిది వస్తాయనుకుంటే నాలుగు రావడం, అదీ ప్రతి వారం, అంటే తనకేం రాదో తనకు తెలియడం లేదన్నమాట. గతేడాది ఒకమ్మాయి వీడియోలన్నీ చూసేసింది, లెక్క ఒక్కటీ చేతితో చేయలేదు. అంతా అర్థమైందనే అనుకుంది. ఈ అంచనాలు రాయడం మొదలుపెట్టాకే ఆమెకు విషయం తెలిసింది. రెండు వారాల్లో సర్దుకుంది.

డౌట్ వస్తే అడగడాన్ని తక్కువగా చూడకండి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ, 1982లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇంట్లో చదువుకునేవాళ్లకు కూడా స్టడీ సెంటర్లు, కాంటాక్ట్ క్లాసులు కావాలని ఆ యూనివర్సిటీ వాళ్లే గుర్తించారు. ఎంతసేపు తానే ప్రయత్నించాలి, ఎప్పుడు, ఎవరి దగ్గరకు వెళ్లాలి అన్నది అతను తేల్చుకుంటే చాలు. ఒక రోజు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి తీసుకెళ్లండి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు బెల్లు లేకుండా గంటల తరబడి ఎలా కూర్చుంటారో, మధ్యలో టీకి లేచి ఒకరినొకరు ఏం అడుగుతారో కళ్లారా చూస్తాడు.

మీకు కష్టమైన పని ఒకటి చెప్తాను. ఈ నాలుగు వారాలూ 'చదివావా?' అని అడగొద్దు. ఆదివారం ఒక్కసారి నోట్‌బుక్ చూడండి, అది కూడా తిట్టడానికి కాదు. మీరు ఇంట్లో వార్డెన్ అయితే మళ్లీ మీ కాపలానే కొలిచినట్టవుతుంది. మొదటి వారం ఘోరంగా ఉండొచ్చు, కంగారు పడొద్దు. మొదటి వారానికీ నాలుగో వారానికీ ఏం మారిందో చూడండి.

రెండు డిగ్రీలు ఒకేసారి చేయడానికి యూజీసీ 2022లోనే వీలు కల్పించింది, ఆ భయం వద్దు. నోట్‌బుక్‌లో మెరుగు కనిపించి, క్వాలిఫయర్ దాటితే చేరనివ్వండి. మొదటి టర్మ్‌లో మాత్రం సబ్జెక్టులు తక్కువే తీసుకోమనండి, డిగ్రీ కాలేజీ కొత్త వాతావరణం కూడా అప్పుడే ఉంటుంది కదా.