భీమిలి దగ్గర బోటు మీద గేలం వేట: రాడ్డు కంటే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఏంటంటే, హైదరాబాద్ నుంచి ముగ్గురు ఫ్రెండ్స్ డిసెంబర్‌లో వైజాగ్ వస్తున్నారు, భీమిలి వైపు ఫైబర్ బోటు మాట్లాడుకుని గేలాలు వేద్దామనుకుంటున్నారు, ఏ రాడ్డు ఏ రీలు కొనాలి, ఒకడికి ఈత రాదు పర్లేదా అని. నేను పదేళ్ళ పైనుంచి ఈ తీరంలో సరదాకి గేలం వేస్తున్నాను, ఎక్కువగా భీమిలి, రుషికొండ వైపే, అప్పుడప్పుడు పూడిమడక. రాడ్డు సంగతి చివర్లో చెప్తాను ఎందుకంటే అది అన్నిటికంటే తేలికైన ప్రశ్న. ఈత సంగతి ముందు. ఒడ్డుకి ఐదు కిలోమీటర్ల దూరంలో పడితే ఈత వచ్చినవాడైనా రానివాడైనా బతికించేది లైఫ్ జాకెట్టే, కాబట్టి ముగ్గురూ వేసుకోవాలి, వేసుకోవాలి అంటే ఒంటి మీద, బకిల్స్ పెట్టుకుని, పడవ ఎక్కకముందే. పక్కన పెట్టుకోవడం కాదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే నాకు జరిగింది. కొన్నేళ్ళ కింద మార్చి నెలలో, అమావాస్య మర్నాడు, నలుగురం వెళ్ళాం. తెల్లారి ఐదింటికి బయల్దేరినప్పుడు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది, గాలి లేదు, కానాగంత చేపలు బాగా పడుతున్నాయి, ఇంకాసేపు ఇంకాసేపు అనుకుంటూ పదకొండున్నర దాటించాం. తిరిగొచ్చేసరికి గోస్తని మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర తెల్లగా నురుగు, కెరటాలు నిలువుగా లేచి పడుతున్నాయి. మాకు అర్థం కాలేదు, లోపల సముద్రం ఇంకా ప్రశాంతంగానే ఉంది కదా అని. తర్వాత సరంగు, అంటే బోటు నడిపేవాడు, చెప్పాడు, దక్షిణం నుంచి చాలా దూరం ప్రయాణం చేసి వచ్చే పొడుగు అలలు లోతు నీళ్ళలో మనకి తెలియను కూడా తెలియవు, పడవ మెల్లగా పైకి లేచి దిగుతుంది అంతే, అవే మొగ దగ్గర ఇసుక మేట మీదకి వచ్చేసరికి లేచి విరుగుతాయి, దానికి తోడు పాటు టైం (నీళ్ళు వెనక్కి తగ్గే టైం) అయితే ఏట్లో నీళ్ళు బయటకి లాగుతూ ఎదురొస్తున్న అలని ఇంకా నిలువుగా చేస్తాయి. అమావాస్య పౌర్ణమి రోజుల్లో ఆ లాగుడు ఎక్కువ.

అప్పుడు మాలో ఒకడు లైఫ్ జాకెట్లు ఏవని అడిగాడు. ఉన్నాయి, ఐస్ బాక్స్ కింద, తడి తాడుతో చుట్టుకుపోయి. పడవ ఊగుతుంటే ఆ తాడు విప్పి, ఉప్పు పట్టి బిగుసుకుపోయిన బకిల్స్ నొక్కి, నలుగురం వేసుకునేసరికి ఎంతసేపు పట్టిందో తెలీదు కానీ నా వేళ్ళు వణికిన సంగతి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అదే మొగలో ఉండగా బోల్తా పడి ఉంటే ఆ జాకెట్లు మాకు అందేవి కావు.

సరంగు మాత్రం తొందరపడలేదు. మొగకి బయట ఇంజిన్ స్లోలో పెట్టి దాదాపు నలభై నిమిషాలు నిలబడి వెనక్కే చూస్తూ ఉన్నాడు, ముందుకి కాదు, వెనక్కి. పెద్ద కెరటాలు మూడో నాలుగో కలిసి వస్తాయి, తర్వాత కాసేపు చిన్నవి వస్తాయి. మా వాడు వెళ్దాం వెళ్దాం అంటుంటే "దాన్ని పోనీండి బాబూ, ఎనకాల ఇంకోటుంది" అన్నాడు. ఆ గుంపు అయిపోయాక ఒక అల వీపు మీద పడవ ఎక్కించి, దాన్ని దాటి ముందుకి పోకుండా, వెనకాల అలకి దొరక్కుండా, దానితో పాటే లోపలికి తీసుకొచ్చేశాడు. ముందుకి పోతే ముక్కు కిందకి దూరి పడవ అడ్డం తిరుగుతుంది, వెనకబడితే వెనకాల అల ఇంజిన్ మీద నుంచి లోపలికి వస్తుంది. ఆ రెండు నిమిషాలు మీ డ్రైవర్ ఎవరు అన్నదే ముఖ్యం, అందుకే బోటు మాట్లాడుకునేటప్పుడు రేటు గురించి ఆలోచించే ముందు ఈ మొగలో ఎన్నేళ్ళుగా తిప్పుతున్నావ్ బాబాయ్ అని అడగండి, అక్కడే పుట్టి పెరిగిన వేటగాడైతే మేలు.

ఇక వాతావరణం. డిసెంబర్ అంటే తుఫాన్ల సీజన్ ఇంకా అయిపోలేదు, 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు సముద్రం ఎలా ఉండబోతుందో రోజూ ఇస్తారు, అలల ఎత్తు, గాలి, స్వెల్ (పైన చెప్పిన దూరం నుంచి వచ్చే పొడుగు అలలు) అన్నీ ఉంటాయి, ఫోన్‌లో చూసుకోవచ్చు. ఐఎండీ (వాతావరణ శాఖ) మత్స్యకారులు వేటకి వెళ్ళొద్దు అని చెప్పిన రోజు ఇంక ఆలోచన వద్దు, రూమ్ బుక్ చేశాం లీవ్ పెట్టాం అని వెళ్ళొద్దు. నా సొంత లెక్క ఏంటంటే అల ఒకటిన్నర మీటర్ దాటుతుందంటే నేను వెళ్ళను, స్వెల్ పీరియడ్ (ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య టైం) పన్నెండు సెకన్ల పైన ఉంటే అల ఎత్తు తక్కువున్నా మొగ గురించి సరంగుతో మాట్లాడాకే వెళ్తాను. మార్చిలో మాకు జరిగింది అదే. తెల్లవారుజామున వెళ్ళి పదిన్నరకల్లా వచ్చేయడం మంచిది, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది. కుదిరితే ట్రిప్పు జనవరి చివరికి మార్చుకోండి, నా అనుభవంలో జనవరి, ఫిబ్రవరి పొద్దులు బాగుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో ఇంజిన్ బోట్లకి వేట నిషేధం, అప్పుడు ఎవరైనా తీసుకెళ్తా అన్నా వెళ్ళకండి, చేపలు గుడ్లు పెట్టే టైం అది.

బోటు ఎక్కేముందు ఇవి చూడండి. పడవ మీద ఐఎన్‌డి ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందా లేదా, జనాన్ని ఎక్కించుకోవడానికి వాళ్ళకి పర్మిషన్ ఉందా అని కూడా అడగండి. ఆయిల్ వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఇంకో వంతు మిగలాలి. నీళ్ళు తోడేసే డబ్బా, టార్చి, విజిల్, రెండో ఇంజిన్ లేకపోతే కనీసం తెడ్లు. లంగరు తాడు లోతుకి మూడింతలైనా ఉండాలి, ఐదింతలుంటే గట్టిగా పడుతుంది, లంగరు ఎప్పుడూ పడవ ముక్కు నుంచే వేయాలి, వెనక నుంచి వేస్తే ఇంజిన్ వైపు ఎత్తు తక్కువ కాబట్టి అల లోపలికి వచ్చేస్తుంది. అవుట్‌బోర్డ్‌కి (వెనక తగిలించే ఇంజిన్‌కి) కిల్ స్విచ్ తాడు, అంటే నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆపేసే తాడు, ఉంటే నడిపేవాళ్ళని చేతికి కట్టుకోమనండి. కోస్ట్ గార్డ్ నంబర్ 1554, మెరైన్ పోలీస్ 1093, రెండూ సేవ్ చేసుకోండి, కానీ టవర్ సిగ్నల్ కొంత దూరం పోయాక పోతుంది కాబట్టి వీహెచ్‌ఎఫ్ రేడియో ఉన్న బోటైతే మేలు, ఆపదలో అందులో పిలిచేది 16వ ఛానల్. ఒడ్డున ఒకరికి ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అనేది మెసేజ్ పెట్టి వెళ్ళండి, నేను మా ఆవిడకి పెడతాను. ఆధార్ దగ్గర ఉంచుకోండి. వైజాగ్ హార్బర్ ఛానల్, నేవీ ఓడల దరిదాపులకి అసలు వెళ్ళొద్దు. మందు మాత్రం వద్దు, పడవ మీదా వద్దు, ముందురోజు రాత్రీ వద్దు, సగం వాంతులు దానివల్లే. వాంతుల టాబ్లెట్ డాక్టర్‌నో మెడికల్ షాపు వాళ్ళనో అడిగి బయల్దేరే గంట ముందు వేసుకోండి, కడుపు తిప్పుతుంటే ఫోన్ చూడకుండా దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత చూడండి.

ఇప్పుడు రాడ్డు. ఆరున్నర నుంచి ఏడడుగుల బోట్ రాడ్డు, 5000 సైజు స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), చివర 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (గేలం వైపు కట్టే గట్టి దారం) రెండు మీటర్లు, మొదటిసారికి ఇది చాలు. ముగ్గురికి మూడు కొనక్కర్లేదు, రెండు చాలు, మూడోది సరంగు ఇచ్చే చేతి గేలం, దానికే ఎక్కువ పడతాయి చూడండి. డ్రాగ్ (చేప లాగినప్పుడు రీలు దారం వదిలే బిగువు) చిన్న స్ప్రింగ్ త్రాసుతో లాగి నాలుగు కేజీల లోపు పెట్టుకోండి, దారం బలంలో మూడో వంతు దాటకూడదు. కోనెం అంటే మీరు వంజరం అంటారు కదా, దాని పళ్ళు బ్లేడుల్లా ఉంటాయి, లీడర్ కోసేస్తుంది కాబట్టి గేలం ముందు జానెడు స్టీల్ వైర్ పెట్టాలి. కోనెం కావాలంటే డీప్ డైవర్ ల్యూర్ (లోతుకి దిగే ఉత్తుత్తి ఎర) వెనకాల వదిలి పడవ ఐదారు నాట్ల స్పీడులో నడపాలి, పార చేపలకి 40 నుంచి 80 గ్రాముల జిగ్గు (బరువైన లోహపు ఎర) నేలకి తగిలించి పైకి కుదుపుతూ లాగాలి. ఎరకి రొయ్య, స్క్విడ్ బాగా పనిచేస్తాయి.

పడ్డ చేపని చేత్తో పట్టుకునే ముందు ఏ చేపో అడగండి. జెల్లకి వీపు మీద ఒకటి, రెక్కలకి రెండు ముళ్ళుంటాయి, విషం ఉంటుంది. నా బొటనవేలుకి ఒకసారి దిగింది, మోచేయి దాకా మండింది. అలాంటప్పుడు ఐస్ పెట్టకూడదు, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో గంట దాకా ఉంచాలి, ముందు కుట్టని చేత్తో వేడి చూసుకుని, తర్వాత డాక్టర్ దగ్గరకి. ఫ్లాస్కులో వేడి నీళ్ళు అప్పట్నుంచి తీసుకెళ్తున్నాను. టేకు (తోకకి విషపు ముల్లుండే చేప) పడితే తోక జోలికి పోకుండా దారం కోసేయండి.

కానాగంతలు, సూర (ట్యూనా) పడగానే ఐస్‌లో వేయాలి, ఉప్పునీళ్ళు కలిపిన ఐస్ అయితే త్వరగా చల్లబడతాయి. ఎండలో వదిలేస్తే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది, ఎంత ఉడికించినా పోదు, తిన్న గంటలో ఒళ్ళంతా ఎర్రబడి తలనొప్పి వస్తుంది. తాబేలు కనిపిస్తే ఇంజిన్ తగ్గించి దూరంగా పొమ్మనండి, జనవరి నుంచి మన బీచుల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి అవి.

ఏ తేదీల్లో వస్తున్నారో రాయండి, ఆ రోజుల్లో పోటు పాటు ఎన్నింటికో చూసి ఎప్పుడు బయల్దేరాలో చెప్తాను.