జీను వేస్తుంటే గుర్రం కరవబోతోందా? ముందు జీను సంగతి చూడండి

నడుం పట్టీ (జీను కదలకుండా గుర్రం పొట్ట కిందుగా కట్టే పట్టీ) బిగించగానే మీ గుర్రం చెవులు వెనక్కి వాల్చి కరవబోతోందని, మందపాటి ప్యాడ్ వేస్తే సరిపోతుందా అని అడిగారు. అప్పుడే వేయకండి. బిగుతు బూట్లలో మందపాటి మేజోళ్లు తొడిగినట్టే, ఇరుకు జీను కింద ప్యాడ్ వేస్తే ఇంకా నొక్కుతుంది.

నేను స్వారీ చేసే ఆడగుర్రానిదీ ఇదే వరస. అందరూ దానికి పొగరన్నారు. ఒకరోజు జీను దింపితే వీపంతా చెమటే గానీ, ఎడమ భుజం ఎముక వెనక అరచేయంత మేర పొడిగా ఉంది. అక్కడ వేళ్లతో నొక్కగానే చర్మం వణికింది, నడుం కిందికి వంచేసింది. జీను చట్రం దానికి ఇరుకు. వెడల్పు చట్రమున్న జీనుకు మార్చినా కరవబోవడం వెంటనే ఆగలేదు. నొప్పి పోయాక కూడా భయం కొన్నాళ్లు ఉంటుంది మరి. అయితే పొడిగా ఉన్న ప్రతిచోటా జీను నొక్కుతోందని కాదు, అసలు తగలని చోటా పొడిగా ఉండొచ్చు. అందుకే కంటితో చూసి వదిలేయక, చేత్తో నొక్కి చూడండి. అక్కడ తెల్లవెంట్రుకలు మొలిచాయంటే పాత ఒత్తిడికి గుర్తు.

ఇప్పుడు ప్యాడ్ తీసేసి ఉత్త జీను వీపు మీద పెట్టండి. కాస్త ముందుగా పెట్టి వెనక్కి జరిపితే దానంతటదే ఒకచోట కుదురుకుంటుంది. ముందువైపు భుజం ఎముక మీదికి ఎక్కకూడదు, వెనక చివరి పక్కటెముక దాటకూడదు. మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. మనిషి కూర్చున్నాక కూడా అక్కడ ఖాళీ మిగలాలి, ఇది చాలామంది చూడరు. వెనక నుంచి వంగి చూస్తే వెన్నెముక పొడవునా వెలుతురు కనబడాలి.

నడుం పట్టీని ఒక్క గుంజుతో బిగించకండి. రెండు మూడు విడతలుగా బిగించి, కాసేపు నడిపించి, ఎక్కే ముందు మరోసారి చూసుకోండి. ముందు కాళ్లను ఒక్కోటీ పట్టి ముందుకు లాగితే పట్టీ కింద మడతపడ్డ చర్మం సర్దుకుంటుంది. అలాగని వదులుగా వదిలేస్తే జీను పక్కకు తిరిగి మీరు కింద పడతారు.

కళ్ళెం దగ్గర నాకు చిరాకు తెప్పించేది ముక్కు పట్టీ. బుగ్గ పక్కన మెత్తటి చోట వేళ్లు దూర్చి సరిపోయిందంటారు. కొలవాల్సింది పైన, ముక్కు ఎముక మీద. అక్కడ రెండు వేళ్లు దూరాలి. గొంతు పట్టీ కింద పిడికిలి పట్టాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కరవబోతుంటే పశువైద్యుడికి చూపించండి. కడుపులో పుండ్లున్న గుర్రాలు కూడా పట్టీ బిగిస్తే ఇలాగే చేస్తాయి.