బాత్‌టబ్ గట్టుకు వాలు ఉందా?

బాత్‌టబ్ చుట్టూ గోడలకూ, దాన్ని ఆనుకుని కట్టే గట్టుకూ ఏ టైల్స్ మంచివని అడిగారు. నా దృష్టిలో టైల్ ఏదైనా ఫరవాలేదు, పాడయ్యేది దాని వెనక జరిగిన పని. సికింద్రాబాద్‌లోని మా ఇంట్లో ఒకే గట్టుకు రెండుసార్లు టైల్స్ వేయించాక ఈ మాట చెబుతున్నాను.

మొదటిసారి వచ్చిన మేస్త్రీ చేయి తిరిగినవాడే. టబ్ తలవైపు 9 అంగుళాల వెడల్పున ఇటుకతో గట్టు కట్టి, టైల్ పరిచి, దానిపై రసమట్టం పెట్టి, బుడగ సరిగ్గా నడిమికి వచ్చేవరకు సుత్తి పిడితో తట్టి, "చూడండి సార్, వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు. నేనూ మెచ్చుకున్నాను. వాలు లేని ఆ గట్టు మీద స్నానం చేసిన ప్రతిసారీ నీరు షాంపూ సీసాల చుట్టూ నిలిచి, గోడ కలిసే మూలలో తెల్ల సిమెంటు పూసిన సందులోంచి మెల్లగా లోపలికి దిగింది.

రెండో ఏడు వానాకాలంలో గోడకు అవతల, పడకగది బీరువా వెనక పెయింటు పొక్కులు లేచింది. వాన చెమ్మ అనుకుని పైకప్పుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాము, ఆ ఖర్చంతా వృథా అయింది. ఎండాకాలంలోనూ మచ్చ ఆరకపోయేసరికి పది రోజులు టబ్ వాడకం మానేశాము, అప్పుడు గాని మచ్చ అంచులు ఆరడం మొదలుకాలేదు. గట్టు టైల్ లేపిస్తే అడుగున సిమెంటు నల్లబడి, మురుగు వాసన కొడుతూ, వేలితో గీరితే రాలింది. గోడ టైల్‌ను నాణెంతో తడితే గుల్ల శబ్దం వచ్చింది. ఊడదీసి చూస్తే నాలుగు మూలలా, నడుమన ఒక్కో ముద్ద తప్ప వెనకంతా ఖాళీ.

షోరూముల్లో గంటసేపు రంగులు చూపిస్తారు గానీ, విట్రిఫైడ్ టైల్ (గాజులా గట్టిపడేలా కాల్చినది) అర శాతానికి మించి నీరు పీల్చదు కనుక దాన్ని ఉత్త సిమెంటు పాలు గట్టిగా పట్టుకోలేవని, ఐ.ఎస్. 15477 అనే భారతీయ ప్రమాణం గల అడ్హెసివ్, అంటే టైల్ అతికించే జిగురు, వాడాలని మాకు ఒక్కరూ చెప్పలేదు. మేస్త్రీలను మాత్రమే తప్పుపట్టడం కూడా న్యాయం కాదు, రెండు రోజుల్లో ముగించమని వాళ్లను తొందరపెట్టేది ఇంటివాళ్లమే.

రెండోసారి గోడకూ గట్టుకూ వాటర్‌ప్రూఫింగ్ రెండు కోటింగులు వేయించి, అది ఆరాక అడ్హెసివ్‌ను పళ్లున్న తాపీతో వెనకంతా పరిపించి, గట్టుకు టబ్ వైపు 5 మిల్లీమీటర్ల వాలు ఇప్పించాను. టైల్‌కూ టబ్ అంచుకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలించి, అందులో గ్రౌటుకు (సందులు నింపే సిమెంటు పూతకు) బదులు రబ్బరులా సాగే సిలికాన్ పెట్టించాను. అదీ టబ్ నిండా నీళ్లు పట్టాకే, ఎందుకంటే 200 లీటర్లు పడితే 200 కిలోల బరువుకు అక్రిలిక్ టబ్ అంచు కాస్త కుంగుతుంది, ఖాళీ టబ్‌కు పెట్టిన సిలికాన్ ఆ కుంగుడుకు సాగి విడిపోతుంది. మరునాడు సిలికాన్ గట్టిపడ్డాకే టబ్‌లోని నీళ్లు బయటికి వదిలాము.

టైల్ గురించే అడిగారు కనుక, గట్టు మీదికి నున్ననిది వద్దు, మ్యాట్ తీసుకోండి, టబ్‌లోంచి లేచేటప్పుడు చేయి ఆనేది అక్కడే. గట్టు ఆరిన రోజు దాని మీద చెంబుడు నీళ్లు పోసి, అవి టబ్‌లోకి దిగుతున్నాయో లేదో మేస్త్రీ ఉండగానే చూసుకోండి.