చెక్క ఎక్కువైంది, గేదె చిక్కింది

ప్రశ్న: మా ముర్రా గేదె ఈని నాలుగు నెలలైంది. పూటకు మూడు లీటర్లు ఇస్తోంది. ఇంకా పెరుగుతాయని రోజుకు మూడున్నర కిలోల వేరుశనగ చెక్క నానబెట్టి, గుప్పెడు తవుడు కలిపి పెడుతున్నాం. మేత వరిగడ్డే. పాలు పెరగలేదు సరికదా డొక్కలు తేలుతున్నాయి. రెండుసార్లు చూలు కోసం సూది వేయించినా నిలవలేదు. ప్రొటీన్ ఎక్కువైతే ఒంట్లో వేడి పుట్టి కొవ్వు కరుగుతుందని జిమ్‌కెళ్లే మా అబ్బాయి అంటున్నాడు. గేదెకూ అంతేనా?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీ అబ్బాయి మాట మనుషుల వరకు నిజమేనండీ. మనం తిన్న ప్రొటీన్‌లోని శక్తిలో 20 నుంచి 30 శాతం దాన్ని అరిగించుకోవడానికే ఖర్చయిపోతుంది. అన్నం లాంటి పిండి పదార్థాలకైతే 5–10 శాతం చాలు. గేదె దారి వేరు. అది తిన్న చెక్క ముందు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు అందుతుంది. అవి అందులోని ప్రొటీన్‌ను చాలావరకు అమ్మోనియాగా విడగొట్టి, దాంతో తమ ఒళ్లు కట్టుకుంటాయి. తర్వాత గేదె ఆ సూక్ష్మజీవులనే అరిగించుకుంటుంది. ఒళ్లు కట్టుకోవడానికి వాటికి పిండి పదార్థం నుంచి శక్తి రావాలి. మీ దాణాలో లేనిదే అది. ఇటుకలు కుప్పలుగా దించి తాపీమేస్త్రీని పిలవడం మరిచారు.

మిగిలిపోయిన అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఆ పనికీ శక్తి కావాలి. అసలే శక్తి చాలని గేదె, మీరు పెట్టిన చెక్కను వదిలించుకోవడానికి ఒంట్లో ఉన్నది కూడా కరిగించుకుంటోంది. తెల్లవారుజామున సాలలోకి అడుగుపెట్టగానే మూత్రం ఘాటు ముక్కుకెక్కి కళ్లు మండుతుంటే, మీ చెక్క డబ్బులు ఎటు పోతున్నాయో తెలిసినట్టే. రక్తంలో యూరియా పెరిగితే చూలు నిలవడమూ కష్టమే.

లెక్క చూడండి. ఆరు లీటర్లిచ్చే గేదెకు ఒంటి పోషణకు కిలోన్నర, ప్రతి రెండు లీటర్లకు ఒక కిలో, మొత్తం నాలుగున్నర కిలోల దాణా కావాలి. అందులో ప్రొటీన్ 900 గ్రాములకు అటూ ఇటూ ఉంటే సరి. మీరు చెక్కలోనే 1,400 గ్రాములకు పైగా పెడుతున్నారు. చెక్క కిలోంబావుకు తగ్గించి, మొక్కజొన్న నూక కిలోముప్పావు, తవుడు కిలోన్నర కలపండి. ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు వేయండి. నూక మాత్రం ఒక్కసారే పెంచొద్దు, పొట్ట పులిసి గేదె మేత మానేస్తుంది. పదిరోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. రోజుకు 20 కిలోల పచ్చిమేత దొరికితే మరీ మంచిది. పాలలో వెన్న శాతం నిలబెట్టేది చెక్క కాదు, మేతలోని పీచు.

ఇంకోమాట. మన సముద్రపు గాలి తేమకు చెక్క తొందరగా బూజు పడుతుంది. విరిచి చూడండి. ఆకుపచ్చగానో నల్లగానో కనిపిస్తే గేదెకు పెట్టకండి, ఆ బూజు విషం పాలలోకీ దిగుతుంది.

దాణా మార్చాక వచ్చే రెండు ఎదల్లోనూ చూలు నిలవకపోతే, పశువైద్యుడితో గర్భకోశం పరీక్ష చేయించండి.