సినిమాలో చూసిన దయ్యం ఛాతీ మీదికి ఎక్కుతోంది.. నాకేమైంది డాక్టర్?

ప్రశ్న: నా వయసు 20. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. రెండు వారాల క్రితం రూమ్మేట్లతో కలిసి ఓ దయ్యం సినిమా చూశాను. కాలేజీ విద్యార్థులను ఓ దుష్టశక్తి వెంటాడి ఒక్కొక్కరినే బలితీసుకునే కథ. అప్పటి నుంచి భయంతో లైటు వేసుకుని, ఫోన్ చూస్తూ రాత్రి మూడింటికి గానీ పడుకోవడం లేదు. మూడుసార్లు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చెయ్యి కదల్లేదు, నోరు పెగల్లేదు. మంచం పక్కన నల్లటి ఆకారం నిలబడి, నా ఛాతీ మీదికి ఎక్కినట్టు అనిపించింది. నన్నేదైనా పట్టిందా? పిచ్చి మొదలవుతోందా?

సలహా: మిమ్మల్ని ఏదీ పట్టలేదు. ఇది పిచ్చి కూడా కాదు. మీరు చెప్పినవన్నీ స్లీప్ పెరాలసిస్ (మెలకువ వచ్చినా కాసేపు ఒళ్లు కదలని స్థితి) లక్షణాలే. ఆ క్షణంలో ప్రాణం పోతున్నట్టే ఉంటుంది, కానీ దీనివల్ల ప్రాణానికి ముప్పు లేదు. కొన్ని సెకన్లలో, మహా అయితే కొద్ది నిమిషాల్లో దానంతటదే వదిలేస్తుంది.

కలలు ఎక్కువగా వచ్చే దశను రెమ్ నిద్ర అంటారు. కలలో మనం పరిగెడుతున్నా మంచం మీద కాళ్లు కదలకుండా మెదడు ఆ సమయంలో కండరాలను బిగుతు లేకుండా వదిలేయిస్తుంది. కళ్లు తిప్పే కండరాలు, ఊపిరి ఆడించే డయాఫ్రమ్ మాత్రం పనిచేస్తుంటాయి. ఒంటికి పట్టు తిరిగి రాకముందే మెలకువ వస్తే మీకు జరిగిందే జరుగుతుంది. తెల్లవారుజామున రెమ్ నిద్ర ఎక్కువ కాబట్టి ఆ వేళకే వచ్చింది.

ఛాతీ మీద బరువు మాటేమిటంటే, పక్కటెముకల మధ్య కండరాలూ అప్పుడు సడలి ఉంటాయి. కంగారుపడి గట్టిగా గాలి పీల్చబోతే ఛాతీ లేవదు, ఎవరో ఎక్కి కూర్చున్నట్టే ఉంటుంది. కల ఇంకా పూర్తిగా తెగలేదు, భయం ముంచుకొస్తోంది. ఆ భయానికి మెదడు ఓ రూపం కట్టేస్తుంది. మీ మనసులో సినిమా తాజాగా ఉంది, కాబట్టి ఆ ఆకారమే వచ్చింది. 1781లో ఫ్యూజెలీ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలోనూ నిద్రపోతున్న యువతి ఛాతీ మీద ఓ వికృతాకారం కూర్చుని ఉంటుంది. అప్పటికి సినిమాలే లేవు.

నా అనుమానం సినిమా కన్నా ఎక్కువగా మీ నిద్రలేమి మీదే. 2011లో వెలువడిన ఓ సమీక్ష ప్రకారం జీవితంలో ఒక్కసారైనా ఇది ఎదురైనవారు సాధారణ జనంలో సుమారు 8 శాతం, విద్యార్థుల్లో సుమారు 28 శాతం. వేళాపాళా లేని నిద్ర దీన్ని పెంచుతుంది.

రోజూ ఒకే సమయానికి పడుకుని, ఒకే సమయానికి లేవండి. కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలి. వెల్లకిలా పడుకుంటే ఇది ఎక్కువగా వస్తుంది, కాబట్టి పక్కకు తిరిగి పడుకోండి. సాయంత్రం దాటాక కాఫీ, టీలు వద్దు. పడుకునే ముందు ఇలాంటి సినిమాలు కొన్నాళ్లు మానేయండి. సొంతంగా నిద్రమాత్రలు మాత్రం వేసుకోకండి.

మళ్లీ వస్తే ఒళ్లంతా విదిలించాలని పెనుగులాడకండి, భయం పెరుగుతుంది. ఊపిరి మామూలుగా ఆడనిచ్చి, ఒక్క కాలి బొటనవేలినో చిటికెన వేలినో కదపడానికి ప్రయత్నించండి.

పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు పట్టుతప్పుతున్నా నార్కొలెప్సీ (నిద్ర, మెలకువలను మెదడు సరిగా అదుపు చేయలేని జబ్బు) ఉందేమో పరీక్షించాలి. పూర్తి మెలకువలో ఉండగా ఆకారాలు కనిపించినా, మాటలు వినిపించినా వెంటనే మానసిక వైద్యుణ్ని కలవండి. ఇవేవీ లేకపోయినా నెల దాటి తరచూ వస్తుంటే డాక్టర్‌కు చూపించుకోండి.

ఈ సంగతి మీ రూమ్మేట్‌కు ఈ రోజే చెప్పండి. మీరు కళ్లు తెరిచి కదలకుండా ఉన్నట్టు కనిపిస్తే, పేరు పెట్టి పిలిచి భుజం తట్టమనండి.